పచ్చజెండా ఎవరి చేతిలో?

నిజాం కాలంలో అన్నీ మీవే కదా అంటుంటారు కొందరు మిత్రులు. రాజ్యం మీది, ఉర్దూ మీది, ఉస్మానియా మీది, ఆఖరికి రైలు కూడా మీదే అంటారు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చిన్నప్పుడు విన్నదే వాళ్ళు నమ్మారు. నేను తిరిగి ఒక చిన్న ప్రశ్న అడుగుతుంటాను. సరే, రైలు మాదే అనుకుందాం. మరి ఆ రైలు చివరి పెట్టెలో నిలబడి పచ్చజెండా ఊపే మనుషుల్లో మావాళ్ళు ఎంతమంది? మిత్రులు నవ్వుతారు. రాజ్యాల గురించి మాట్లాడుతుంటే గార్డు నౌకరీ ముచ్చట తీస్తావేమిటయ్యా అంటారు.

నాకు మాత్రం రాజ్యం కంటే గార్డు నౌకరీయే పెద్ద విషయం. రాజ్యం ఒక్కడికే ఉంటుంది. నౌకరీ ఇంటింటికీ కావాలి. ఒక సమూహం ఎట్లా బతికిందో తెలియాలంటే జీతాల పట్టీ చూడాలి. నవాబుల షేర్వానీలు చూసి మా చరిత్ర తెలుసుకున్నామనుకునేవాళ్ళు ఆ పట్టీ వైపు ఎన్నడూ చూడలేదు. నిజం చెప్పాలంటే మా పెద్దలూ చూడలేదు.

ముందు గార్డు అంటే ఎవరో చెప్పుకుందాం. కొన్ని దేశాల్లో ఇతన్ని కండక్టర్ అంటారు. మన దగ్గర మొదటి నుంచీ గార్డు అన్నారు. 2022 జనవరిలో రైల్వే ఆ పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టింది. మా మౌలాలీ, మల్లాపూర్, నాచారం బస్తీల్లో ఇంకా గార్డు సాబే. ఇంజను నడిపేది డ్రైవరే అయినా బండి బాధ్యత గార్డు మీద ఉంటుంది. బయలుదేరే ముందు బ్రేకులు సరిగా ఉన్నాయని డ్రైవరుతో కలిసి కాగితం మీద సంతకం పెడతాడు. దారి మధ్యలో బండి ఆగిపోతే వెనక వచ్చే బండి గుద్దకుండా చూడాల్సింది అతనే. పట్టాల వెంట వెనక్కి నడిచిపోయి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర మూడు డిటొనేటర్లు పట్టాల మీద పెట్టి రావాలి. వాటి మీద చక్రం ఎక్కితే టపాసులా పేలుతుంది. ఆ చప్పుడుకు వెనక బండి డ్రైవరు బ్రేకు వేస్తాడు. అర్ధరాత్రి అయినా, అడవి అయినా, వాన అయినా పోవాల్సిందే. ఒంటరి నౌకరీ, బరువైన నౌకరీ.

దానికి కావాల్సిన చదువు ఏదైనా ఒక డిగ్రీ. ఇంజనీరింగు అక్కర్లేదు, డొనేషన్ కట్టే కాలేజీ అక్కర్లేదు. చూపు బాగుండాలి, రంగులు సరిగా గుర్తుపట్టాలి, రాతపరీక్ష దాటాలి. మొదట గూడ్సు బండి ఇస్తారు, తర్వాత ప్యాసింజరు, ఆ తర్వాత మెయిలు. ఏడో వేతన సంఘం లెక్కలో మొదటి మూలవేతనం 29,200 రూపాయలు. బి.ఏ. చదివిన బీద ఇంటి పిల్లవాడికి ఇంతకంటే గౌరవమైన సర్కారీ నౌకరీ ఏముంటుంది?

ఇక చరిత్రలోకి పోదాం. వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు 1874లో వచ్చింది. డబ్బు నిజాం సంస్థానానిది, అంటే రైతు కట్టిన శిస్తుదీ, ఇక్కడి షావుకార్ల పెట్టుబడిదీ. నడిపింది బొంబాయిలోని గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే. 1883లో లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. పేరులోని ఆ గ్యారంటీ ఎవరు ఎవరికి ఇచ్చారో చాలామందికి తెలియదు. కంపెనీ వాటాదారులకు 5 శాతం వడ్డీ తప్పకుండా ముట్టచెబుతానని నిజాం ప్రభుత్వం 20 ఏళ్ళకు రాసిచ్చింది. లాభం వస్తే లండన్‌కు, నష్టం వస్తే ఇక్కడి ఖజానాకు. పేరు నిజాందే, పెత్తనం మాత్రం లండన్‌ది.

ఆ ఒప్పందం మీద ఆనాడే ప్రశ్న లేచింది. చాందా రైల్వే పథకం లెక్కలేమిటో ప్రజలకు చెప్పండి అని 1883లో హైదరాబాద్‌లో సభలు జరిగాయి. ముందు నిలబడ్డవాళ్ళలో ఒకరు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, మరొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్‌ను సంస్థానం నుంచి వెళ్ళగొట్టారు. హైదరాబాద్ సంస్థానంలో ప్రజలు రాజకీయంగా నోరు విప్పిన తొలి ఘట్టాల్లో ఇదొకటి. అది రైలు గురించే కావడం, అందులో ఒక ముల్లా సర్కారును నిలదీయడం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. నిజాం పాలనలో ముస్లిం అంటే పాలకుడే అని తేల్చేసేవాళ్ళు ముల్లా అబ్దుల్ ఖయ్యూంను ఏ ఖానాలో వేస్తారు?

1886లో రైలు సికింద్రాబాద్ నుంచి వరంగల్ చేరింది. 1889లో బెజవాడ చేరింది. నాచారానికి ఉత్తరాన, మౌలాలీ గుట్ట పక్కనుంచి పోయే పట్టాలు అవే. గుట్ట మీద హజ్రత్ అలీ పేరిట దర్గా ఉంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉర్సు జరిగే చోటు. గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. స్టేషనుకు గుట్ట పేరే పెట్టారు. పేరు మాది, స్టేషను కంపెనీది.

ఆ బండ్ల చివరి పెట్టెలో ఎవరున్నారు? ఆ రోజుల్లో దేశమంతటా గార్డు, డ్రైవరు కొలువులు యూరోపియన్లకూ ఆంగ్లో-ఇండియన్లకూ పోయేవి. మెయిలు బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. దేశీయుడికి బండి అప్పజెబితే ప్రాణాలు దక్కవని తెల్లదొరల నమ్మకం. లండన్ కంపెనీ చేతిలో ఉన్న మన రైల్వే దానికి భిన్నంగా నడవలేదు. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డది అట్లాగే. దేశీయులకు దొరికినవి ఖలాసీ, గ్యాంగ్‌మన్, హమాలీ పనులు. బొగ్గు ఎత్తినచోట, పట్టాలు మోసినచోట ముస్లిం ఉన్నాడు, మాల మాదిగలున్నారు, ముదిరాజులున్నారు. చెమట దగ్గర అందరం కలిసే ఉన్నాం.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. అప్పుడు కొంత దారి తెరుచుకుంది. సంస్థానంలో కొలువుల భాష ఉర్దూ. ఉర్దూ అంటే ముస్లింల భాషేనని ఇవాళ అనుకుంటున్నారు గాని, ఆనాడు కాయస్థులు, బ్రాహ్మణులు, రెడ్లు అందరూ అదే భాషలో చదివి నౌకర్లయ్యారు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అంటే హైదరాబాద్ బస్సు కండక్టరు మొదట రైల్వే నౌకరు. ఇవాళ ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సెక్కి టికెట్ అడిగే మనకు, ఆ తోలుసంచీ వంశం రైలు నుంచి దిగి వచ్చిందని తట్టదు. 1951లో బస్సులు రైల్వే నుంచి విడిపోయి రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1958లో ఆర్టీసీ అయింది. బస్సు రాష్ట్రం దగ్గర ఉండిపోయింది. రైలు కేంద్రానికి పోయింది. మా పిల్లల కథలో ఈ విడిపోవడం చాలా ముఖ్యం. ఆ మాట తర్వాత చెబుతాను.

మధ్యలో 1948 ఉంది. రజాకార్లు ఊళ్ళ మీద పడి చేసిన దారుణాలను దాచే పని నాకు లేదు. ఆ దారుణాలకు గురైన ప్రజలు మావాళ్ళే. అయితే సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్యా, ఆ తర్వాతి వారాలూ కూడా మా ఇళ్ళల్లో గుసగుసగానే చెప్పుకున్న చరిత్ర. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. రజాకారు చేసినదానికి ఊళ్ళో దూదేకుల సాయిబు, గాజుల సాయిబు శిక్ష అనుభవించారు. చచ్చినవాళ్ళ సంగతి అది. బతికినవాళ్ళకు నౌకరీల మీద దెబ్బ పడింది. తీసివేతలు, ముందుగా ఇంటికి పంపడాలు, అనుమానాలు, కరాచీ ప్రయాణాలు. ఉర్దూలో చదివిన చదువు ఒక్కసారిగా చెల్లని నాణెం అయింది. హాలీ సిక్కా పోయి కల్దారు వచ్చినట్టే అనుకోండి. నాణేన్ని మార్చి ఇచ్చారు గాని, చదువును మార్చి ఇచ్చేవాళ్ళు లేరు.

1950లో నిజాం స్టేట్ రైల్వే భారత ప్రభుత్వానిదైంది. 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో కలిసింది. దాని కేంద్రం బొంబాయి. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది 1966 అక్టోబరు 2న. అంటే పదిహేనేళ్ళ పాటు ఇక్కడి రైలు నిర్ణయాలు బొంబాయిలో జరిగాయి. సరిగ్గా ఆ పదిహేనేళ్ళే మా తాతలు ఏ భాషలో చదవాలో, ఎక్కడ అర్జీ పెట్టాలో, అసలు పెట్టొచ్చో లేదో తెలియక నిలబడిపోయిన కాలం.

ఇక్కడ ఒక పోలిక చూడండి. గార్డు, డ్రైవరు కొలువుల్లో పాతుకుపోయిన ఆంగ్లో-ఇండియన్లు కూడా మైనారిటీయే. స్వాతంత్ర్యం వచ్చేసరికి వాళ్ళకూ భయం పట్టుకుంది. రాజ్యాంగం వాళ్ళ భయాన్ని గుర్తించింది. 336వ అధికరణం కింద రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా ఉద్యోగాల్లో వాళ్ళకు పాత వాటా కొనసాగించి, రెండేళ్ళకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ పదేళ్ళకు ముగించింది. తప్పని నేననను. ఒక సమూహాన్ని ఒక్కసారిగా బజార్లో పడేయకుండా మెల్లగా దింపడం మంచి పద్ధతే. బ్రిటిషిండియాలో 1934 తీర్మానం కింద కేంద్ర ఉద్యోగాల్లో ముస్లింలకు 25 శాతం వాటా ఉండేది. స్వాతంత్ర్యంతో అది పోయింది. దానికి మాత్రం ఆ పదేళ్ళ మెట్లు లేవు. ఒకరిని చేయిపట్టి దింపారు, ఒకరిని నడుస్తున్న బండి నుంచి దింపారు.

ఇప్పుడు మా వాడకు వద్దాం. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు 1970ల తర్వాత పెరిగాయి. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, పాతబస్తీలో ఇరుకై వచ్చినవాళ్ళు ఇక్కడ చేరారు. మా అబ్బా కూడా నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేశాడు. లేతు మిషన్లు, వెల్డింగు, ప్లాస్టిక్, మందులు. ఎక్కువమంది కాంట్రాక్టరు కింద. ఆర్డరు ఉంటే పని, లేకపోతే సెలవు. అట్లాంటి ఇళ్ళకు సైరన్ మోత ఒక పక్క, రైలు కూత ఒక పక్క వినిపించేది. సైరన్ మోగితే అబ్బా పోతాడు, ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. రైలు మాత్రం ఆగదు. రైల్వే క్వార్టర్ల పిల్లలకు పాసులుండేవి, రైల్వే ఆసుపత్రి ఉండేది, నెల మొదటి తారీఖున జీతం ఉండేది. పిల్లవాడికి గార్డు కావాలనిపించడానికి ఇంతకంటే కారణం కావాలా?

మౌలాలీలోనే రైల్వే జోనల్ శిక్షణ సంస్థ ఉంది. దక్షిణ మధ్య రైల్వే గార్డులు, స్టేషను మాస్టర్లు, టికెట్ తనిఖీవాళ్ళు తయారయ్యేది అక్కడే. గుంటూరు నుంచి, నాందేడ్ నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు ట్రంకు పెట్టెలు మోసుకుంటూ ఆ గేటులోకి పోతారు. ఆ గేటు బయట చాయ్ అమ్మేవాడు, పంక్చర్ వేసేవాడు, ఆటో నడిపేవాడు మాలోంచి వస్తాడు. దూరం రోడ్డు వెడల్పంతే.

డిగ్రీ చివరి ఏడాదిలో నేనూ ఆ పరీక్ష రాయాలనుకున్నాను. అమ్మీతో చెబితే "రైల్వే అప్నే కు నై బేటా" అంది. మనకు రాదు అని ఆమె అనలేదు, అది మనది కాదు అంది. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఒక కోచింగ్ సెంటరుకు పోతే ఫారం ఇచ్చే మనిషి పేరు చదివి, "మీవాళ్ళు దుబాయ్ పోతరు గద, ఇదెందుకు నీకు?" అన్నాడు. హేళన చేయలేదు. సలహా ఇస్తున్నట్టే అన్నాడు. ఇంట్లో అమ్మీ చెప్పిందీ బయట అతను చెప్పిందీ ఒకటే కావడం నన్ను ఇన్నేళ్ళూ వెంటాడింది. పరీక్ష రాశాను, రాలేదు. లక్షలమందికి రాలేదు, దానికి ఎవర్నీ అనను. నేనడుగుతున్నది రాసి ఓడినవాళ్ళ గురించి కాదు. ఆశపడే ముందే ఆగిపోయినవాళ్ళ గురించి.

ఆ ఆగిపోవడానికి లెక్క ఉంది. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూడండి. రైల్వేలో 14 లక్షల మంది ఉద్యోగుల్లో ముస్లింలు సుమారు 64 వేలు, అంటే నూటికి నాలుగున్నర. ఆనాటి దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఆ కొద్దిమందిలోనూ 98.7 శాతం కింది స్థాయి నౌకర్లే. నిజాం రైలు మీదే కదా అనే మిత్రుడికి ఈ మూడు అంకెలు చాలు.

చదవరు, అప్లై చేయరు, మదర్సాకు పోతారు అని జవాబు వస్తుంది. సచార్ కమిటీయే చెప్పింది, మదర్సాలో చదివే ముస్లిం పిల్లలు నూటికి నలుగురేనని. మిగతావాళ్ళు మామూలు బళ్ళకే పోతున్నారు. మధ్యలో మానేసి మెకానిక్ షెడ్డులో చేరుతున్నారు. తర్వాత రిజర్వేషన్ సంగతి. 2007లో రాష్ట్రం బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చింది. అది రాష్ట్ర ఉద్యోగాలకు, కాలేజీ సీట్లకు. బస్సు రాష్ట్రానిది, రైలు కేంద్రానిది అని ఇందాక అన్నాను చూడండి, ఆ తేడా ఇక్కడ తగులుతుంది. ఆర్టీసీ డిపోలో చెల్లే సర్టిఫికెట్ మౌలాలీ గేటు దగ్గర చెల్లదు. కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్న దూదేకుల వంటి కులాలకు కొంత దారి ఉంది. 2019 నుంచి ఆర్థికంగా వెనుకబడినవాళ్ళ కోటా ఉంది, అందులో అగ్రకులాల పిల్లలతో కలిసి పోటీపడాలి.

భాష విషయంలో మాత్రం ఒక మంచి జరిగింది. రైల్వే మంత్రిగా మమతా బెనర్జీ 2010-11 బడ్జెట్ నాటికి హిందీ, ఇంగ్లీషు, ఉర్దూలతోపాటు ప్రాంతీయ భాషల్లోనూ పరీక్ష రాసే వీలు తెచ్చారు. ఇవాళ మా నాచారం పిల్లవాడు గార్డు పరీక్షను తెలుగులో రాయొచ్చు, ఉర్దూలో రాయొచ్చు. 1948లో చెల్లకుండా పోయిన నాణెం అరవై ఏళ్ళ తర్వాత ఒక కౌంటర్ దగ్గర చెల్లింది. కానీ ఆ కౌంటర్ ముందు వరుస చూడండి. 2019 ప్రకటనలో గార్డు, స్టేషను మాస్టరు, గుమాస్తా వంటి పోస్టులన్నీ కలిపి 35 వేలు, దరఖాస్తులు కోటీ పాతిక లక్షలు. 2022 జనవరిలో బీహార్, ఉత్తరప్రదేశ్ పిల్లలు పట్టాల మీదికి వచ్చింది ఆ పరీక్ష గురించే. వాళ్ళలో ఎక్కువమంది హిందువులు. వాళ్ళ ఆకలి వేరు, మా ఆకలి వేరు కాదు. ఒక తేడా మాత్రం ఉంది. వాళ్ళు నౌకరీ ఎందుకు ఇవ్వరని రైలు ఆపారు. మావాళ్ళు రైలు ఆపితే అడిగే ప్రశ్న వేరే ఉంటుంది.

జెండా సంగతే తీసుకోండి. గార్డు పచ్చజెండా ఊపితే బండి కదులుతుంది. అదే పచ్చదనం మా దర్గా మీద ఎగిరితే అది ఏ దేశపు జెండా అని అడుగుతారు. మా వాడల్లో పీర్ల పండుగకు హిందువులు కట్టిన పచ్చబట్టకు లేని దేశద్రోహం, మేం కడితే ఎక్కణ్ణుంచి వస్తుంది? 2023 జూలై 31న జైపూర్-ముంబై ఎక్స్‌ప్రెస్‌లో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కాల్పుల్లో అతని పై అధికారి, ముగ్గురు ముస్లిం ప్రయాణికులు చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకరు మన హైదరాబాద్ మనిషి. రైలంటే మాకు ఒకప్పుడు ఆశ. ఇవాళ కొందరు తల్లులు దూరప్రయాణం పోయే కొడుకుకు టోపీ సంచిలో పెట్టుకో అని చెబుతున్నారు. ఆ భయాన్ని పోగొట్టడానికి ఉపన్యాసాలు సరిపోవు. యూనిఫారం వేసుకున్నవాళ్ళలో అన్ని పేర్లూ కనిపించాలి. ఛాతీ మీద పేరుపట్టీలో అబ్దుల్ అనో, షేక్ అనో ఉన్న గార్డు బండి నడిపిస్తుంటే, ఆ బండిలో కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడికి పుస్తకం చెప్పలేని పాఠం ఒకటి తెలుస్తుంది. హిందూ పిల్లవాడికీ తెలుస్తుంది.

మావాళ్ళతోనూ ఒక మాట. ఉస్మానియా వైభవం, నిజాం నగలు, ఉర్దూ ముషాయిరాలు తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునే పెద్దలున్నారు. ఆ వైభవంలో ఖలాసీ ఎక్కడున్నాడో వాళ్ళెన్నడూ చెప్పరు. బస్తీలో జల్సాకు చందా వసూలవుతుంది. పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టిన ఒక గదికి వసూలు కాదు. రైల్వే మనది కాదు అని అమ్మీలు అనుకోవడానికి ప్రభుత్వాలు కారణం. ఆ మాటను మార్చే పని మాత్రం మనం కూడా చేయాలి. 2024 ప్రకటనలో గూడ్సు ట్రైన్ మేనేజరు పోస్టులే 3,144 ఉన్నాయి. గూడ్సు బండి చివర గార్డు బదులు పరికరం పెట్టే పని కూడా రైల్వే మొదలుపెట్టింది. మన భాషలో పరీక్ష వచ్చేసరికి ఆ నౌకరీయే మాయమైపోయే రోజు దూరం లేదు. ఆలస్యానికి సమయం లేదు.

రైల్వేలో ఒక నియమం ఉంది. బండి స్టేషనులోకి వచ్చినంత మాత్రాన చేరినట్టు కాదు. చివరి పెట్టెకు తగిలించిన గుర్తును, రాత్రయితే దాని ఎర్రదీపాన్ని కళ్ళతో చూశాకే, బండి పూర్తిగా వచ్చిందని స్టేషను మాస్టరు రాసుకుంటాడు. ఇంజను ఎంత మెరిసిపోతున్నా లెక్కలేదు. చివరి పెట్టె కనిపించకపోతే ఎక్కడో బండి తెగిందని అర్థం. వెనక లైనులో ఇంకో బండిని వదలడు.

దేశం బండి చాలా ముందుకు పోయిందని అందరూ అంటున్నారు. చివరి పెట్టె వచ్చిందో లేదో ఎవరైనా చూశారా అని మేం అడుగుతున్నాం.